ఆయుధశాల ఎవరిది?

ఆయుధాల చరిత్ర అనగానే యుద్ధాల పట్టికను గుర్తుచేసుకోవడం మనకు అలవాటయింది. వాటిని ఎవరి డబ్బుతో, ఎవరి భూమిలో తయారుచేశారన్న ప్రశ్న మన పాఠ్యగ్రంథాలలో కనిపించదు. పటాన్‌చెరు నుండి జహీరాబాదు దాకా సాగే పారిశ్రామిక ప్రాంతంలో ఆ ప్రశ్నను తప్పించుకోవడం సాధ్యం కాదు.

1948 పారిశ్రామిక విధాన తీర్మానంలోనే స్వతంత్ర భారత ప్రభుత్వం ఆయుధోత్పత్తిని తన గుత్తహక్కుగా ప్రకటించుకున్నది. 1956 తీర్మానం దానిని ధ్రువపరిచింది. ఆ విధానం కిందనే 1984లో ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం వెలిసింది. సోవియట్ నమూనా అయిన బి.ఎం.పి.-2 పదాతిదళ వాహనం ‘సారథ్’ పేరుతో యిక్కడ తయారయింది. పటాన్‌చెరు సమీపాన భానూరులో ప్రభుత్వరంగ సంస్థ భారత్ డైనమిక్స్ క్షిపణులు తయారుచేస్తున్నది. నమూనా పరాయిదన్న మాట నిజమే. దానిని దాచవలసిన పని లేదు. కాని కర్మాగారపు జమాఖర్చులను కాగ్ తనిఖీ చేసి పార్లమెంటు ముందు పెట్టేది.

2001 మే నెలలో తలుపు తెరుచుకున్నది. స్వదేశీ ప్రైవేటు పెట్టుబడికి నూటికి నూరుపాళ్ళు, విదేశీ పెట్టుబడికి 26 శాతం వరకు అనుమతి లభించింది. 2020లో విదేశీ వాటా, ముందస్తు అనుమతి అవసరం లేకుండానే, 74 శాతానికి పెరిగింది. 2021 అక్టోబరు 1న ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డును రద్దుచేసి 41 కర్మాగారాలను ఏడు ప్రభుత్వ కంపెనీలకు పంచారు. ఎద్దుమైలారం ఆవడి కేంద్రంగాగల కంపెనీ కిందికి పోయింది. కార్మికులు ప్రతిఘటిస్తారని తెలిసే, రక్షణ ఉత్పత్తిలో సమ్మెను నిషేధించే ఆర్డినెన్సును అంతకుముందు జూన్‌లోనే తెచ్చారు.

2022లో వెమ్ టెక్నాలజీస్ అనే ప్రైవేటు సంస్థ జహీరాబాదు నిమ్జ్‌లో, ఎల్గోయి వద్ద, 511 ఎకరాలలో సుమారు 1,000 కోట్ల రూపాయల రక్షణ పరిశ్రమకు పూనుకున్నది. ఆ నిమ్జ్‌కు తలపెట్టిన భూమి 12,635 ఎకరాలు. భూసేకరణ చట్టాన్ని పక్కనబెట్టి నేరుగా భూములు కొనేందుకు 2015లో రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన 123వ ఉత్తర్వును 2016 ఆగస్టులో హైకోర్టు న్యాయమూర్తి కొట్టివేశారు. భూమి లేని కూలీకి ఆ ఉత్తర్వులో చోటు లేకపోవడమే అసలు వివాదం.

లాభం నష్టభయానికి ప్రతిఫలమని పెట్టుబడిదారీ అర్థశాస్త్రం చెబుతుంది. యిక్కడ ప్రధాన కొనుగోలుదారు ప్రభుత్వం. పరిజ్ఞానంలో చాలా భాగం ప్రజాధనంతో నడిచే డి.ఆర్.డి.ఓ. ప్రయోగశాలలనుండి బదిలీ అయినది. భూమిని సమకూర్చేదీ ప్రభుత్వమే. అలాంటప్పుడు నష్టభయం ఎవరిది, లాభం ఎవరిది?

మరొక ప్రమాదం యింతకంటె లోతైనది. ఆర్డరు ఆగిననాడు పాత ప్రభుత్వ కర్మాగారంలో యంత్రాలు ఖాళీగా వుండేవి. పెట్టుబడి ఖాళీగా వుండలేదు; విదేశాలలో కొనుగోలుదారుకోసం వెదుకుతుంది. కంపెనీగా మారిన ఎద్దుమైలారానికీ యిక అదే దారి. శాంతి నష్టంగా లెక్కకు వచ్చే వ్యాపారం మన పొలిమేరలలోనే వేళ్ళూనుతున్నది.

సంగారెడ్డి కళాశాలల విద్యార్థులు యీ చరిత్రను పహాణీలనుండే మొదలుపెట్టాలి. ఏ సర్వే నంబరు ఎవరి చేతినుండి ఎవరి చేతికి, ఎంతకు పోయిందో వ్రాసిపెడితే, ఆయుధశాల ఎవరిదో ఆ కాగితాలే చెబుతాయి.