గెడ్డెస్ చూసిన నేల, మహలఖా ఏలిన నేల

పక్కపక్క ఊళ్లు పెరిగి పెరిగి ఒక్కటైపోయే తీరుకు ‘కనర్బేషన్’ అని 1915లో పేరు పెట్టినవాడు స్కాట్లండ్ పండితుడు పాట్రిక్ గెడ్డెస్. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి తగిన స్థలాలు చూసి 1923లో నివేదిక ఇచ్చిందీ ఆయనే! ఇది తెలిసిన రోజు నాకు పట్టరాని సంతోషం కలిగింది. అప్పటికి 1591 నాటి హైదరాబాదు ఒక ఊరు, 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టుకున్న సికింద్రాబాదు మరో ఊరు. ఎంచుకున్న అడిక్‌మెట్ నేల రెంటికీ నడుమ, తూర్పు వారన ఉంది.

ఆ అడిక్‌మెట్ ఒకప్పుడు మహలఖా బాయి చందా జాగీరు. 1768లో పుట్టిన ఈ ఉర్దూ కవయిత్రి రెండో నిజాం కొలువులో ఆడింది, పాడింది, దండయాత్రలకూ వెంట వెళ్లింది. 1799లో తన గజళ్ల ప్రతిని ఈస్టిండియా కంపెనీ అధికారి కెప్టెన్ జాన్ మాల్కమ్‌కు కానుకగా ఇచ్చింది. రజబ్ నెలలో మౌలాలి గుట్ట మీద ఉర్సుకు దర్బారంతా కదిలేది. తల్లికి ఆ గుట్ట కిందే సమాధి కట్టించి, 1824లో తానూ అక్కడే నిద్రించింది. నగరాన్ని ఈ తూర్పు దిక్కుకు లాగిన మొదటి దారి భక్తులు నడిచిన దారేనని నా నమ్మకం. ఆమె పేరు చెప్పుకొనే మెట్ల బావి ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూ ఆవరణలో మిగిలింది. ఆమె తోటలు మాత్రం పోయాయి. నీడా నీరూ ఇచ్చిన వాటిని నిలుపుకోలేకపోవడం ఈ నగరం చేసిన పెద్ద తప్పు.

తరవాతి నూరేళ్లలో ముందుగా చెప్పుకోవలసింది రైలే. 1874లో సికింద్రాబాదుకు బండి వచ్చింది, 1893లో లాలాగూడ వర్క్‌షాపు వెలిసింది. 1918లో ఏర్పడిన విశ్వవిద్యాలయం గన్‌ఫౌండ్రీ అద్దె ఇళ్లలో పాఠాలు మొదలుపెట్టి, 1934లో అడిక్‌మెట్‌లో శంకుస్థాపన జరుపుకుంది. 1939లో ఆర్ట్స్ కాలేజీ తెరుచుకుంది.

చదువు వెనకే ప్రయోగశాలలు వచ్చాయి. నిజాం ప్రభుత్వం 1944లో మొదలుపెట్టిన ప్రయోగశాల మనం ఆర్‌ఆర్‌ఎల్ అని పిలుచుకున్న నేటి రసాయన సాంకేతిక సంస్థ ఐఐసీటీ. 1958లో కూనూరు నుంచి పోషకాహార సంస్థ తార్నాకకు తరలివచ్చింది. 1961లో భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్జీఆర్‌ఐ పుట్టింది. ఉద్యోగులు పనికి దగ్గరగా ఇళ్లు వేసుకున్నారు. తార్నాక, హబ్సిగూడల్లో వీధులకు నంబర్లే పేర్లయ్యాయి. ఆఫీసు పటాలకన్నా ముందే జీతగాళ్ల ఇళ్లు ఊరిని ఉప్పల్ వైపు నడిపించాయి.

సర్కారు ఆ సంగతి కాగితం మీద పెట్టింది 2007లో. 12 పురపాలక సంఘాలను, 8 పంచాయతీలను నగరంలో కలిపి గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ, అంటే జీహెచ్‌ఎంసీ చేసింది. అందులో ఉప్పల్, కాప్రా, మల్కాజిగిరి కూడా ఉన్నాయి. ఉప్పల్‌లో బస్సెక్కి తార్నాకలో దిగేవాళ్లు అప్పటికే చాలా ఏళ్లుగా ఒకే ఊళ్లో తిరుగుతున్నారు.