శస్త్రచికిత్స విద్యలో చాట్‌బాట్‌లు

శస్త్రవైద్యం అభ్యసించే విద్యార్థులు పాఠ్యాంశాలను నేర్చుకొనుటకు, పరీక్షలకు సిద్ధమగుటకు కృత్రిమ మేధతో పనిచేసే చాట్‌బాట్‌లను వినియోగిస్తున్నారు. 2022 నవంబరు 30న ఓపెన్ఏఐ సంస్థ చాట్‌జీపీటీని విడుదల చేసిన తరువాత ఈ వినియోగం విస్తరించినది. ఇవి గ్రంథజ్ఞానాన్ని అందించగలవు గాని, హస్తకౌశలాన్ని, రోగిని పరీక్షించి నిర్ణయించే నేర్పును అందించలేవు.

నేపథ్యం

శస్త్రవైద్యం గురువు పక్కన నిలిచి నేర్చుకొనే విద్య. 19వ శతాబ్దం చివర అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో విలియం హాల్‌స్టెడ్ నెలకొల్పిన రెసిడెన్సీ పద్ధతిలో విద్యార్థి అనుభవాన్ని బట్టి క్రమంగా ఎక్కువ బాధ్యత స్వీకరిస్తాడు. భారతదేశంలో ఎం.ఎస్. జనరల్ సర్జరీ కోర్సు కాలవ్యవధి 3 సంవత్సరాలు. అందులో 3 నెలలు జిల్లా ఆసుపత్రులలో పనిచేయవలసి ఉంటుంది.

ఉపయోగాలు

* కఠినమైన పాఠ్యభాగాన్ని సులభంగా వివరించుట, సంగ్రహించుట
* శస్త్రచికిత్స దశలను వరుసక్రమంలో గుర్తుచేయుట
* మౌఖిక పరీక్షలకు ప్రశ్నలు తయారుచేయుట
* రోగితో మాట్లాడే తీరును సాధన చేయించుట

2023లో ప్రచురితమైన కొరియా పరిశోధనలో, ఆ దేశపు జనరల్ సర్జరీ బోర్డు పరీక్షల ప్రశ్నలకు జీపీటీ-3.5 46.8 శాతం, జీపీటీ-4 76.4 శాతం సరైన జవాబులిచ్చాయి.

పరిమితులు

చాట్‌బాట్ తాను చదివిన పాఠాల ఆధారంగా తరువాత రాదగిన పదాలను అంచనా వేసి వాక్యాలను కూర్చుతుంది. అందువలన లేని పరిశోధనా వ్యాసాలను ఉన్నట్లు చూపుట, తప్పును నిశ్చయంగా చెప్పుట జరుగుతాయి. అనుభవం లేని విద్యార్థి అట్టి తప్పును గుర్తించలేడు. యంత్రం చెప్పినదానిని పరిశీలించకుండా నమ్మే ప్రమాదాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జనవరిలో వెలువరించిన మార్గదర్శకాలలో హెచ్చరించినది. రోగి వివరాలను చాట్‌బాట్‌కు తెలియజేస్తే గోప్యతకు భంగం కలుగుతుంది.

ఎ.కొండూరు ఉదాహరణ

ఎన్టీఆర్ జిల్లా, తిరువూరు నియోజకవర్గంలోని ఎ.కొండూరు మండలపు తండాలలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి తీవ్ర సమస్యగా ఉన్నది. ఈ వ్యాధి ముదిరి మూత్రపిండాలు విఫలమైనవారికి డయాలసిస్ అవసరమవుతుంది. దాని కొరకు చేతిలోని ధమనిని సిరతో కలిపి కుట్టే శస్త్రచికిత్సను ఫిస్టులా అంటారు. మణికట్టు వద్ద దీనిని చేసే విధానాన్ని బ్రెసియా, సిమినో తదితరులు 1966లో ప్రకటించారు.

ఈ శస్త్రచికిత్స దశలను చాట్‌బాట్ వివరించగలదు. కాని ఏ సిర అనువైనదో రోగి చేతిని తాకి చూచి, అవసరమైతే స్కానింగు చేసి నిర్ణయించాలి. కుట్టు పూర్తయిన పిదప సిరపై వేళ్ళు ఉంచితే రక్తప్రవాహపు అదురు తెలియాలి. ఆ అదురు లేకపోతే రక్తం గడ్డకట్టిందేమోనని అనుమానించాలి. ఈ స్పర్శజ్ఞానం అనేకమంది రోగులను పరీక్షించుట వలననే అలవడుతుంది.

ఆ చేతికి రక్తపోటు పట్టీ చుట్టనీయరాదని, సూది వేయించుకొనరాదని, బరువులు మోయరాదని రోగికి అర్థమయ్యేటట్లు చెప్పాలి. తండావాసుల ఇంటిభాష లంబాడీ. లిఖిత వాఙ్మయం స్వల్పంగా ఉన్న ఇట్టి భాషలలో చాట్‌బాట్ జవాబులు అంత నమ్మదగినవి కావు. జాగ్రత్తలు సరిగా చేరకపోతే రోగి ఫిస్టులాను కోల్పోవచ్చును.

వినియోగంలో జాగ్రత్తలు

చాట్‌బాట్ జవాబును ప్రామాణిక గ్రంథంతో సరిచూడాలి. రోగి పేరు, చిత్రాలు, పరీక్షా ఫలితాలు అందులో నమోదు చేయరాదు. చికిత్సా నిర్ణయాన్ని బాధ్యుడైన శస్త్రవైద్యుని పర్యవేక్షణలోనే తీసుకోవాలి.

ఇవి కూడా చూడండి

* కృత్రిమ మేధస్సు
* శస్త్రచికిత్స
* డయాలసిస్
* ఎ.కొండూరు