కోలారు గనులలో ఒక చుట్టుకు ఎంత త్రాడు?

మోటారు పడవ వెనుక బిగించు ఇంజనుకు తగిన మరను (ప్రొపెల్లరును) ఎన్నుకొనువారు మొదట విచారించునది దాని పిచ్. మర ఒక్క చుట్టు తిరిగినప్పుడు, నీటిలో జారుడే లేకున్నచో, పడవ ఎన్ని అంగుళములు సాగునో ఆ కొలతయే పిచ్. అది మితిమీరినచో ఇంజను బరువునకు రొప్పును. చాలకున్నచో వృథాగా వడివడిగా తిరిగి అరుగును. సముద్రమునకు దూరమై, వానకు మొగము వాచిన కోలారు సీమలో ఈ విచారణయే, పాతాళమునుండి రాతిని, మనుష్యులను పైకి తెచ్చు యంత్రముల విషయమున, శతాబ్దమునకు పైగా సాగినది.

1802లో లెఫ్టినెంటు జాన్ వారెన్ ఇచ్చటి మట్టిలో బంగారమున్నదని తెలిపెను. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చెను. తరువాతి కథ లోతు కథ.

గనిముఖమున ఉక్కు రోపు చుట్టుకొను డ్రమ్మునకు 12 అడుగుల వ్యాసమున్నదనుకొందము: ఒక చుట్టుకు 37 అడుగులకు పైగా రోపు వచ్చును. రాతిని, మనుష్యులను మోయు పెట్టె, అనగా కేజి, 3,000 అడుగులనుండి పైకి వచ్చుటకు 80 చుట్టులు. డ్రమ్మును ఇంకను పెద్దది చేసినచో వేగము హెచ్చును; కాని అడుగున నిలిచిన నిండు కేజి కదలు క్షణమున, సరకుతోపాటు అన్ని వేల అడుగుల రోపు బరువును ఇంజనుపైనే పడును. చిన్నది చేసినచో ఇంజను సుఖపడును గాని కాలము వ్యర్థమగును, ఇరుకు మలుపులలో ఉక్కు తీగెలు త్వరగా తెగును. ఒక కేజి ఎక్కుచుండగా మరొకటి దిగునట్లు కట్టినను చిక్కు పూర్తిగా తీరదు, ఏలయన ప్రయాణము సాగినకొలది బరువు ఒక వైపునుండి మరొక వైపునకు మారుచునే యుండును. శంకువు వలె సన్నగా మొదలై లావగు డ్రమ్మును ఇంజనీర్లు కల్పించినది ఇందుకే. ఆరంభమున తక్కువ రోపు, పిదప ఎక్కువ. ఆ రూపమును నేను మహాకావ్యమంత గౌరవముతో చూతును.

1902 జూన్ 30న, 92 మైళ్ల దూరమునగల శివసముద్రమునుండి కావేరి విద్యుత్తు గనులకు వచ్చెను. ఆవిరి యంత్రమును వాల్వుతో ఇచ్చవచ్చినట్లు నెమ్మదింపవచ్చును. విద్యుత్తు మోటారు స్వభావము వేరు. ఆ విద్యుత్తు సెకనునకు 25 ఆవృత్తులది. అందుపై నాలుగు ధ్రువముల మోటారు నిమిషమునకు ఇంచుమించు 750 చుట్టులే తిరుగును. కనుక అట్టి మోటారును పూన్చు యంత్రమునకు ఎంత వేగము, ఎంత బరువు అనునది పండ్లచక్రముల నిష్పత్తిలోనే ముందుగా నిర్ణయింపవలెను.

లోతు 3,000 మీటర్లు దాటుసరికి ఒకే రోపుతో పని జరుగదయ్యె. నేలలోపలనే మరల షాఫ్టులు దిగినవి, వాటికి మరల యంత్రములు. గంట మ్రోతలు లెక్కించుచు, లోతు చూపు ముల్లుపై కన్ను నిలిపి, లీవరు పట్టిన వైండింగ్ డ్రైవరు చేతిలో ప్రతి షిఫ్టున ఎందరో చిత్తూరు, ఆర్కాటు సీమల కూలీల ప్రాణములుండెడివి. చరిత్రకారులు వారెనును, టేలరును, బంగారపు టన్నులను వ్రాసిరి. ఈ డ్రైవర్లను వ్రాయలేదు. నాకిది అన్యాయముగా తోచును.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. మిగిలిన డ్రమ్ముల వ్యాసములను, చక్రముల పండ్ల సంఖ్యను, యంత్రము నడిపిన వృద్ధుల మాటలను కోలారు కాలేజీల ఇంజనీరింగు విద్యార్థులు ఇప్పుడే వ్రాసికొనవలెను.