నెల్లూరు తీరపటం – ఆర్కాటు పనివాడు

ముస్లిం చరిత్రకారుల రచనలలో నెల్లూరు కొత్త పేరు కాదు. హిజ్రీ 8వ శతాబ్దారంభంలో (క్రీ.శ. 14వ శతాబ్దం) పారశీక చరిత్రకారుడు వస్సాఫ్, మఅబర్ దేశం కూలం (కొల్లం) నుండి నీలావర్ వరకు సముద్రం వెంబడి దాదాపు 300 ఫర్సఖులు వ్యాపించి ఉన్నదని వ్రాశాడు. ఆ నీలావర్ మన నెల్లూరే. ఆ లెక్క వర్తకుని ప్రయాణానికి సరిపోతుంది, పటానికి చాలదు.

కొండల తీరాన్ని కొలవడమే కష్టమని అనుకుంటాము. నెల్లూరు తీరానిది వేరే కష్టం. వెలిగొండలు పడమటన దూరంగా నిలిచిపోయాయి. ఒడ్డున ఇసుక దిబ్బలు, తాటితోపులు, పులికాటు చుట్టూ ఉప్పు పర్రలు తప్ప ఎత్తైన గుర్తులు అరుదు. సముద్రంలో ఆర్మగాం ఇసుకమేట ఓడలకు ప్రమాదమూ, అలల నుండి చాటూ. 1626లో ఇంగ్లీషువారు దుగరాజపట్నంలో స్థావరం పెట్టింది ఆ ప్రాంతంలోనే.

1801లో నెల్లూరు ఆర్కాటు నవాబుల నుండి కంపెనీ పాలనలోకి పోయింది. 1802 ఏప్రిల్ 10న లాంబ్టన్ మద్రాసు దగ్గర ఆధారరేఖ కొలత ప్రారంభించాడు. ఒక రేఖను గొలుసుతో కొలిచి, దాని రెండు కొసల నుండి మూడవ గుర్తుకు కోణాలు చూస్తే, మిగిలిన దూరాలు లెక్కలో తేలుతాయి. గుర్తు కనబడాలంటే ఎత్తు కావాలి. దక్షిణాది మైదానాలలో అందుకు గోపురాలు ఎక్కవలసి వచ్చింది. 1808లో తంజావూరు గోపురం మీదికి లాగుతుండగా అర టన్ను బరువున్న థియోడలైటు గోడకు కొట్టుకొని దెబ్బతిన్నది.

ఇటువంటి పరికరాలను చక్కదిద్దే చేతులలో ఒకటి ఆర్కాటు వాసి సయ్యద్ మీర్ మొహ్సిన్ హుస్సేన్‌ది. ఆయన మద్రాసులో నగల దుకాణంలో పనిచేస్తుండగా, 1820లలో సర్వేయర్ జనరల్ బ్లాకర్ ఆయనను కలకత్తాకు తీసుకుపోయాడు. ఎవరెస్టు ఆయన నైపుణ్యాన్ని మెచ్చుకొన్నాడు. ఇంగ్లీషు నిపుణుడు బారో చేసిన గణిత పరికరాల నిర్మాత ఉద్యోగం 1843లో ఆయనకు దక్కింది. ఎవరెస్టు పేరు శిఖరానికి నిలిచింది. మొహ్సిన్ పేరు మనలో ఎందరికి తెలుసు?

పటాలు పాలకుల పన్నులకూ, సైన్యాలకూ పనికివచ్చిన మాట నిజమే. కాని 1984లో శ్రీహరికోట దగ్గర, 1989లో కావలి దగ్గర తుఫానులు తీరం దాటాయి. అటువంటి రాత్రి ఏ పల్లె ఎన్ని అడుగుల ఎత్తున ఉన్నదో తెలియడం ప్రాణాల ప్రశ్న. ఇత్తడి చక్రం మీద వెంట్రుకవాసి తప్పితే నేలమీద అది గజాలలో తప్పుతుంది. కొలతలో న్యాయం పాటించమన్న ఇస్లాం ఆదేశం అంగడికే పరిమితం కాదు. ఆ పనివాని బల్లమీద కూడా అది అమానతే.