అతుకుల బొంత తిట్టు కాదు

ఈ వారం ఎపిసోడ్‌లో చిరిగిన బట్టలు బాగుచేసి మళ్ళీ వాడించే కంపెనీల గురించి మాట్లాడుకున్నాం కదా. టైము చాలక చరిత్ర భాగం వదిలేశాం, అది ఇక్కడ రాస్తున్నా. నేను చదివింది ఐటీఐ. చేసేది బిల్డింగ్ సైట్ సూపర్‌వైజర్ పని. ఉండేది బ్రిస్బేన్ దగ్గర స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో. అందుకని బట్టలైనా సరే, మెటీరియల్ ఎంత, కూలి ఎంత అనే చూస్తాను.

మన అమ్మలు చిరిగితే మాసిక వేసేవారు, మనం పారేస్తున్నాం. మనకి బద్ధకం పెరిగిందనే అందరూ అంటారు. నేనలా అనుకోను. లెక్క తిరగబడింది, అంతే.

పొత్తు ప్రభుత్వాన్ని ఎగతాళి చేయాలంటే మన పేపర్లు "అతుకుల బొంత" అని రాస్తాయి. అసలు బొంత ఎగతాళి వస్తువు కాదు. నేత చీర మెత్తబడితే పసిపిల్లకి పొత్తిళ్ళు అయ్యేది, ఇంకా నలిగితే పొరలు పొరలుగా పేర్చి బొంత కుట్టేవారు. చివరికి మసిగుడ్డ. గుడ్డ ఖరీదు, ఇంట్లో ఆడవాళ్ళ చెయ్యి మాత్రం లెక్కలోకి రాని కూలి. అందుకే బట్ట అన్నాళ్ళు బతికింది.

ఆస్ట్రేలియాలోనూ బొంత ఉంది. దాని పేరు వగ్గా. పని కోసం ఊరూరా కాలినడకన తిరిగే కూలీలు, గొర్రెల ఉన్ని కత్తిరించేవాళ్ళు పిండి బస్తాలు విప్పి దబ్బనంతో కలిపి కుట్టుకుని కప్పుకునేవారు. 1930ల కరువు కాలంలో ఇళ్ళల్లో కూడా పాత కోట్లు, స్వెటర్లు లోపల పెట్టి వగ్గాలు కుట్టారు. మన బొంతా అదే కదా!

మేముండే ఇప్స్విచ్ ప్రాంతం కూడా ఒకప్పుడు బట్టల ఊరే. అమెరికాలో 1861లో అంతర్యుద్ధం వచ్చి పత్తి ఆగిపోతే ఇక్కడ పత్తి పండించారు. 1877లో బ్రెమర్ నది ఒడ్డున ఉన్ని మిల్లు నడవడం మొదలైంది. తర్వాత రెండో ప్రపంచ యుద్ధం. 1942 జూన్‌లో ఈ దేశంలో బట్టలకి రేషన్ పెట్టారు. మనిషికి ఏడాదికి 112 కూపన్లు. ఒక మగవాళ్ళ సూటుకే 38 పోయేవి. 1948 దాకా ఇదే వరస. ఆ రోజుల్లో మోకాలి దగ్గర అతుకు ఉంటే ఎవరూ చిన్నచూపు చూడలేదు.

మరి ఎక్కడ మారింది? 1973లో విట్లమ్ ప్రభుత్వం దిగుమతి సుంకాలన్నీ ఒకేసారి 25 శాతం తగ్గించింది. ఆ తర్వాతి ప్రభుత్వాలూ మెల్లిగా అదే దారి పట్టాయి. బయటి బట్ట చవకైంది, ఇక్కడి మిల్లులు మూతపడ్డాయి. అదే సమయంలో ఇక్కడి కూలి పెరిగింది. పెరగాలి కూడా, ఆ కూలి మీదే కదా నా ఇల్లు గడుస్తోంది. కానీ ఫలితం చూడండి. ప్యాంటుకి జిప్పు మార్పించే ఖర్చుకి ఇంకాస్త కలిపితే కొత్త ప్యాంటే వస్తుంది. ఇప్పుడు ఏటా 2 లక్షల టన్నులకి పైగా బట్టలు ఈ దేశంలో చెత్త గుంతల్లోకి పోతున్నాయి.

ఇప్పుడు ఆ కంపెనీల సంగతి. వాళ్ళు చేస్తున్నదల్లా ఈ తిరగబడిన లెక్కని సరిచేయడమే. స్వీడన్‌లో 2001లో పుట్టిన న్యూడీ జీన్స్, తన జీన్స్ చిరిగితే ఉచితంగా కుట్టిస్తుంది. అంటే రిపేరు కూలి ముందే అమ్మకం ధరలో కలిసి ఉందన్నమాట. ఆస్ట్రేలియాలో సీమ్‌లెస్ అనే పథకం 2024 జూలైలో పని మొదలుపెట్టింది. అందులో చేరిన బ్రాండ్లు ఒక్కో కొత్త బట్టకి 4 సెంట్లు కడతాయి. మా పక్కనే లోగన్‌లో బ్లాక్‌టెక్స్ అనే సంస్థ పాత బట్టల్లోంచి పాలిస్టర్‌నీ పత్తినీ విడదీసే ఫ్యాక్టరీ 2023లో తెరిచింది. మంచిదే. కానీ మా సైట్ భాషలో చెప్పాలంటే అది గోడ కూల్చి కంకర చేయడం. పగులు పూడ్చడం వేరే పని, దానికి మేస్త్రీ కావాలి.

ఆ మేస్త్రీ విలువ బాగా పట్టుకున్నది మన దేశంలోని గూంజ్ అని నాకనిపిస్తుంది. అన్షు గుప్తా 1999లో ఢిల్లీలో మొదలుపెట్టారు, 2015లో మెగసెసే అవార్డు వచ్చింది. పట్నాల్లో పాత బట్టలు సేకరించి, ఏరి, బాగుచేసి ఊళ్ళకి పంపుతారు. అయితే దానంగా పంచరు. ఊరివాళ్ళు తమకి కావలసిన బావో, చెరువో, వెదురు వంతెనో కలిసి కట్టుకుంటే, ఆ శ్రమకి ప్రతిఫలంగా బట్టలు ఇస్తారు. వాడిన చొక్కా అక్కడ బిచ్చం కాదు, కూలి. వేసుకున్నవాడు తల వంచుకోనక్కర్లేదు.

నాకు అర్థమైంది ఇంతే. కుట్టే చేతికి డబ్బు, మర్యాద దక్కితేనే బట్ట బతుకుతుంది. చెత్త మీద పాఠాలు చెబితే బతకదు.

చివరిగా మనవాళ్ళకి ఒక మాట. చీరకి ఫాల్ కుట్టే, జాకెట్టు వదులు చేసే అక్క మన ప్రతి వాట్సాప్ గ్రూపులో ఒకరు ఉంటారు. ప్లంబర్ చెప్పిన రేటు మారుమాట లేకుండా ఇస్తాం. ఆ అక్క దగ్గర మాత్రం "మనవాళ్ళే కదా, ఇండియాలో ఇంతే కదా" అని బేరం ఆడతాం. ఈసారి అడిగినంత ఇవ్వండి. ఆవిడ మెషిను ఆగిపోతే, మన పట్టుచీర కూడా ఆ చెత్త గుంతకే పోతుంది.