వంటింట్లో నిలిచిన సోల

కోస్తా పల్లెల్లో ధాన్యం కొలతకు ఒక నికరమైన వరుస ఉండేది. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. తూము దాకా అన్నీ సగాలూ పావులే కాబట్టి చదువు రానివాళ్లు కూడా ఇట్టే పంచుకోగలిగేవారు. లోపమల్లా ఒక్కటే, ఊరు మారితే కుంచం మారేది. పైగా గింజలు అంచుకు సమంగా తలకొట్టి కొలిచారా, పైన రాశి నిలిపి కొలిచారా అన్నదాన్ని బట్టి కూలివాడి గింజలు పెరిగేవి, తరిగేవి. కొలపాత్ర ఎవరి చేతిలో ఉంటే లాభం వాళ్లది. 1956లో చట్టం చేసి, 1958 నుంచి దశలవారీగా మెట్రిక్ కొలతలు తేవడం నా దృష్టిలో పేదవాడికి జరిగిన న్యాయమే.

అయినా వంటింట్లో సోల పోలేదు. దాన్ని పాతకాలపు మొండితనం అని కొట్టిపారేయడం సరికాదు. అంగడికి ఎవరు కొలిచినా ఒకేలా తేలే పరిమాణం కావాలి. వంటకు కావలసింది పాళ్లు. బియ్యం కొలిచిన పాత్రతోనే ఎసరూ కొలిస్తే, ఆ పాత్ర ఎంత పట్టినా అన్నం కుదురుతుంది. అంగట్లో అన్యాయానికి దారితీసిన తేడా ఇంట్లో ఏ హానీ చేయదు. ఎలక్ట్రిక్ కుక్కర్‌తో వచ్చే కప్పు సంగతీ ఇంతే. సాధారణంగా 180 మిల్లీలీటర్లు పట్టే ఆ కప్పు జపాన్‌వాళ్ల పాత కొలత ‘గో’. మెట్రిక్ పద్ధతికి మారిన ఆ దేశంలోనూ బియ్యం దగ్గర పాత కొలతే నిలిచింది.

తూకమే నమ్మకమైనది కదా అనేవాళ్ల మాటలో బలం ఉంది. ఆవకాయే చూడండి. ఆవపిండి, కారం, ఉప్పు సోలకు సోల వేసే ఇళ్లలో ఆ లెక్క రాళ్లుప్పు ఎండబెట్టి దంచుకున్న రోజులది. దంచిన ఉప్పు పలుకుగా ఉండి సోలలో వదులుగా నిలుస్తుంది. ప్యాకెట్ మెత్తటి ఉప్పు అదే సోలలో ఇంకా ఎక్కువ బరువు పడుతుంది, పచ్చడి ఉప్పుకషాయం అవుతుంది. ఇక్కడ తప్పు సోలది కాదు, ఉప్పు మారినా లెక్క మార్చకపోవడానిది. అన్నానికీ ఇడ్లీ పిండికీ ఇంట్లో ఉన్న ఏ కప్పయినా చాలు, రోజూ అదే వాడండి. ఊరగాయ ఉప్పును మాత్రం తూచి వేయండి.