టెలివిజన్ వెనుక మూడు తీగలు

ఒక యంత్రము ఇంటిలోనికి వచ్చిన దినము అందరికిని జ్ఞాపకముండును. అది ఇల్లు విడిచిన దినము ఎవరికిని గుర్తుండదు. గ్రామఫోను అట్లే పోయినది. వీడియో క్యాసెట్టు అట్లే పోయినది. ఇప్పుడు డీవీడీ ప్లేయరు వంతు వచ్చినది. ఏ ప్లేయరు కొనవలెను, దానిని టీవీకి ఎట్లు కలుపవలెను అను ప్రశ్న ఇరువది సంవత్సరముల క్రిందట ఇంటింటను వినవచ్చెడిది. ఆ ప్రశ్నకు కాలము చెల్లినదని పలువురి తలంపు. కాలము చెల్లలేదనియు, నేడు దాని బరువు మరింత హెచ్చినదనియు మా అభిప్రాయము. అందులకు కారణము తెలియవలెనన్న కొంచెము వెనుకకు పోవలెను.

హైదరాబాదు నగరమునకు ఉత్తరమున, దుండిగల్‌కు చేరువలో బౌరంపేట యున్నది. ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుపడిన మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతముల వలెనే ఇచ్చటను నేడు పొలముల నడుమ అపార్టుమెంట్లు లేచినవి. బౌరంపేట చేరియున్న మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనే, తూర్పు వైపున, చర్లపల్లి దగ్గర భారత ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, అనగా మనమందరము ఈసీఐఎల్ అని పిలుచు సంస్థ కలదు. 1967లో శ్రీ అయ్యగారి సాంబశివరావుగారి సారథ్యమున వెలసిన ఈ సంస్థ తయారుచేసిన ఈసీ టీవీ ఒక తరము వారికి సుపరిచితము. తెలుగునాట టెలివిజన్ కథ చెప్పబూనువారు ఈ జిల్లాను దాటిపోజాలరు.

1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు ఉపగ్రహము ద్వారా గ్రామములకు టెలివిజన్ బోధన చేయు మహాప్రయోగ మొకటి మన దేశమున జరిగినది. ఆంధ్రప్రదేశ్‌తో కూడ ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములు అందు పాల్గొన్నవి. భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచిన అమెరికా ఉపగ్రహము నుండి వచ్చు సంకేతమును పట్టుటకు, కోళ్ళగూళ్ళకు వాడు ఇనుప వలతో పది అడుగుల గొడుగు వంటి ఏరియల్ కట్టినారు. ఊరివారి కొరకు పెట్టిన టీవీలను ఈసీఐఎల్ సిద్ధముచేసినది. కార్యక్రమములు తయారుచేసిన కేంద్రములలో హైదరాబాదు ఒకటి. అప్పటికి టెలివిజన్ ఆకాశవాణిలోని భాగమే; 1976 ఏప్రిల్ 1న గాని దూరదర్శన్ వేరు సంసారము పెట్టలేదు. ఒకే బొమ్మకు రెండు భాషల ధ్వనులను జతచేసి పంపు ఏర్పాటు ఆనాడే యుండెను. ఏ తీగ ఎచ్చట తగిలించవలెనో ఊరివారికి తెలియనవసరము లేదు. కలుపుట ఇంజనీర్ల పని. చూచుట ప్రజల పని.

టెలివిజన్ ఊరి చావడి నుండి ఇంటి నడవలోనికి వచ్చినప్పుడు ఆ పని గృహస్థుని పాలబడినది. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము ప్రారంభమైనది. 1982 ఆగస్టు 15న దేశమున రంగుల ప్రసారము మొదలైనది. మిద్దె మీద ఏరియల్ త్రిప్పుచు, "వచ్చినదా, వచ్చినదా" యని క్రిందివారిని కేకవేసి యడుగుట ఆ దశాబ్దపు గృహసంగీతము. వెంటనే వీడియో క్యాసెట్టు వచ్చినది. రాత్రికి టీవీ, వీసీఆర్ రెండింటిని అద్దెకు తెచ్చి, తెల్లవారులోగా మూడు సినిమాలు చూచినవారు ఎందరో కలరు. పెళ్ళి ఫొటోల సరసన పెళ్ళి క్యాసెట్టు చేరినది. కాని అయస్కాంతపు పూతగల టేపు ఆడించిన కొలది అరుగును; వానకాలమున బూజు పట్టును.

1993లో వచ్చిన వీసీడీ టేపు బాధను తప్పించినది గాని, ఒక్కొక్క పళ్ళెమున 74 నిమిషములకు మించి పట్టదు. తెలుగు సినిమా ఒకటి చూచుటకు రెండు, మూడు మార్చవలసివచ్చెడిది. ఇంతకంటె మెరుగైన దానికై సోనీ, ఫిలిప్స్ ఒక వైపు, తోషిబా, మత్సుషిత మొదలైనవి మరియొక వైపు చేరి పోటీపడినవి. 1995లో రాజీ కుదిరినది. 1996 నవంబరులో జపానులో మొదటి డీవీడీ ప్లేయరు అమ్మకమునకు వచ్చినది. పళ్ళెము వెడల్పు పాత సీడీ వలెనే 12 సెంటీమీటర్లు. కాని జాడల నడుమ ఎడమును 1.6 మైక్రాన్ల నుండి 0.74కు తగ్గించి, సన్నని ఎర్ర లేజరు కిరణముతో చదివించుటచే ఏడు రెట్ల సమాచారము పట్టినది. ఒకే బొమ్మకు ఎనిమిది భాషల ధ్వనులు పెట్టవచ్చును. మన దేశమున 2007లో మోజర్ బేర్ సంస్థ వీసీడీని 28 రూపాయలకును, డీవీడీని 34 రూపాయలకును అమ్మజూపగా సామాన్యుడు సైతము ఇంట డిస్కుల వరుస పేర్చుకొనగలిగినాడు.

ఇక టీవీకి కలుపుటకు మూడు తీగలు. పసుపుపచ్చనిది బొమ్మను తెచ్చును. తెల్లనిది ఎడమ చెవి ధ్వనిని, ఎర్రనిది కుడి చెవి ధ్వనిని తెచ్చును. ప్లేయరు మీద "అవుట్" అని వ్రాసిన చోట ఒక కొస, టీవీ మీద "ఇన్" అని వ్రాసిన చోట మరియొక కొస తగిలించి, రిమోటుతో ఏవీ అను దారిని ఎన్నుకొనవలెను. తెర నల్లగా నున్నదని మెకానిక్కును పిలిపించిన ఇండ్లలో చాలవరకు ఈ చివరి పని మరచినవే. 2002 డిసెంబరులో రూపురేఖలు ఏర్పడిన హెచ్‌డీఎంఐ తీగ బొమ్మను, ధ్వనిని ఒకే దారిని అంకెల రూపమున తెచ్చును.

అమెరికానుండి బంధువులు పంపిన డిస్కులు ఇచ్చట ఆడక మొరాయించుటకును కారణము కలదు. మన టీవీ పద్ధతి సెకనుకు 25 బొమ్మలు, 625 గీతలు. వారిది 30 బొమ్మలు, 525 గీతలు. అదిగాక సినిమా కంపెనీలు ప్రపంచమును మండలములుగా పంచి, అమెరికాను ఒకటవ దానిగను, మన దేశమును ఐదవ దానిగను నిర్ణయించినవి. ఒక మండలపు డిస్కు మరియొక మండలపు ప్లేయరులో ఆడకుండుటకే ఈ కట్టడి. సముద్రము దాటిన పెండ్లి పిలుపునకు లేని అడ్డు పెండ్లి బొమ్మకు ఏర్పడినది!

ఇప్పుడు అసలు సంగతికి వత్తము. 2018లో మోజర్ బేర్ ఆస్తులమ్మి అప్పులు తీర్చవలెనని ట్రిబ్యునల్ ఉత్తరువిచ్చినది. 2023లో అమెరికాలోని నెట్‌ఫ్లిక్స్ డిస్కులను తపాలాలో పంపుట మానినది. క్రొత్త టీవీలు కొన్నింటికి ఆ మూడు రంధ్రములే లేవు. సినిమా పోయిన మరియొక చోట దొరకును. కాని 2000 మొదలు పదిహేనేండ్లపాటు మన ఇండ్లలో జరిగిన పెండ్లిండ్లు, అన్నప్రాశనలు, నేడు లేని తాతగారి ఆశీర్వచనము, ఇవి ఆ డిస్కులలో తప్ప ఎచ్చటను లేవు. పాత ఇల్లు విడిచి అపార్టుమెంటునకు మారునప్పుడు పనికిరాని సామానుతో పోవునవి ఇవియే. పైగా అంగడి డిస్కు అచ్చువేసినది. పెండ్లి డిస్కు రంగుపూతను కాల్చి వ్రాసినది. ఆ పూత ఎండకును వేడికిని వెలిసిపోవును.

కావున నేడు ప్లేయరు కొనువారు మొదట తమ టీవీ వెనుకకు పోయి చూడవలెను. మూడు రంధ్రములున్నను లేకున్నను, ఏవీ, హెచ్‌డీఎంఐ రెండును గల ప్లేయరు మేలు. పాత ప్లేయరే యున్నచో, ఏవీని హెచ్‌డీఎంఐగా మార్చు చిన్న పెట్టె చాలును. తమ పెండ్లి డిస్కును వెంట తీసికొనిపోయి, కొట్టులోనే ఆడించి చూచి కొనవలెను. డిస్కును అంచులు పట్టి ఎత్తవలెను. నడుమ నుండి అంచునకు తుడువవలెను గాని చుట్టును తుడువరాదు. ఆడిన వెంటనే కంప్యూటరులోనికి నకలు తీసి, రెండు వేర్వేరు చోట్ల దాచవలెను.

ధ్వనిని నమ్ముకొని బ్రదుకు మావంటి వారికి ఒక్క విషయము బాగుగ తెలియును. పలికిన మాట గాలిలో కలియును. పట్టి ఉంచిన మాట సైతము, దానిని పలికించు యంత్రము లేనిచో మూగయే. ఊరి కొరకు ఇనుప వల కట్టిన ఇంజనీర్లు ఆ పని తమ చేతులతో చేసినారు. ఇంటి కొరకు మూడు తీగలు కలుపు పని మన చేతులలో నున్నది. పళ్ళెము ఇంకను పలుకుచుండగనే ఆ పని పూర్తిచేయుట ఉచితము.